సాంచా బంద్

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో నన్ను కరీంనగర్‌లో ఫ్యామిలీ కోర్టు జడ్జిగా వేశారు. పుట్టి పెరిగింది హైదరాబాదు కావడంతో ఆ జిల్లా మాట నా చెవికెక్కడానికి కొంత కాలం పట్టింది. ఆ రోజుల్లో విన్న ఒక కేసు గురించి రాస్తున్నాను. పేర్లు మార్చాను.

సిరిసిల్ల వైపు నేత కుటుంబం. అక్కడ పవర్‌లూమ్‌ను సాంచా అంటారు. గిట్టుబాటు కాక భర్త సాంచాలు అమ్మేసి మస్కట్ పోయాడు. భార్య రజిత ఇంట్లో బీడీలు చుడుతూ, నాలుగో తరగతి చదివే కూతురు అక్షితను పెంచుతోంది. రజితకు బైపోలార్ జబ్బు. మనసు కొన్నాళ్లు పట్టపగ్గాల్లేకుండా పరుగెడుతుంది, కొన్నాళ్లు కూలబడుతుంది. భర్త తన తల్లి లచ్చవ్వకు జీపీఏ, అంటే తన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చి, పిల్ల సంరక్షణ కోసం గార్డియన్ ఓపీ పిటిషన్ వేయించాడు. భార్యకు మతి స్థిమితం లేదు, పిల్లను నా తల్లికి అప్పగించండి అన్నది అందులోని ప్రార్థన. ఇలాంటి పిటిషన్లలో తల్లిదండ్రుల హక్కులు తర్వాత, పిల్ల సంక్షేమం ముందు. చెప్పినంత తేలిక కాదు తేల్చడం.

పిటిషనరు తరఫు మొదటి సాక్షిగా లచ్చవ్వ బోనెక్కింది. కోడలి మీద పగేమీ కనబడలేదు, మనవరాలి గురించిన బెంగే కనబడింది.

"ఇంట్ల సాంచా లేదు, పాడు లేదు సార్. గీమె సాంచా బంద్, సాంచా బంద్ అనుకుంట పిల్లను ఇంట్లకెళ్లి ఎల్లగొడుతది. గది పిచ్చి కాకపోతె ఏంది?"

లేని మగ్గం ఆగిందని కేకలేసే మనిషి చేతికి పిల్లనెలా ఇస్తాం? ప్రభుత్వ మానసిక వైద్యుడు, మందులు వాడితే జబ్బు అదుపులో ఉంటుందనీ, తిరగబెట్టదని మాత్రం హామీ ఇవ్వలేననీ చెప్పారు. అది నిజాయితీ గల సాక్ష్యమే, కానీ నా పని మాత్రం తేలిక కాలేదు.

పిల్ల మాట వినాలంటే చాంబర్‌లోకి పిలిపించి, ఇరుపక్షాలనూ వకీళ్లనూ బయట ఉంచుతాం. ఆ రోజు నేను, మా మహిళా కౌన్సెలర్ మాత్రమే ఉన్నాం. అమ్మ ఎప్పుడైనా ఇంట్లోంచి వెళ్లగొడుతుందా అని అడిగాను.

"ఎల్లగొట్టుడు కాదు సార్. అమ్మ సాంచా బంద్ అన్నదంటె, నేను బ్యాగు తీసుకొని పక్కింటి ఎల్లవ్వ పెద్దమ్మ తాన్కి పోవాలె. ఎందుకని అడగొద్దు. అమ్మ ఒచ్చి సాంచా నడుస్తాంది అంటెనే మల్ల ఇంటికి."

భయం కాదా అన్నాను. "అమ్మ ఊకె ఒర్లితె, కేకలేస్తె భయమైతది. గా మాట అంటె కాదు" అంది.

తర్వాత రజితను పిలిపించాను. తల వంచుకునే చెప్పింది.

"పోగు తెగితె సాంచా బంద్ పెట్టాలె సార్. తెగినంక గూడ నడిపిస్తె బట్టంత కరాబైతది. నిద్ర రాకుంట, మాట ఆగకుంట అయితాంటె, నాకు పోగు తెగుతాందని ఎర్కైతది. గప్పుడు నా చేతికాడ పిల్ల ఉండొద్దు. జబ్బు పేరు చెప్తె దానికేం తెలుస్తది? సాంచా అంటె పుట్టినకాన్నుంచి విన్నది. పిల్లను పంపి దవాఖానకు పోత."

ఇంజంక్షన్ అంటే ఫలానా పని చేయరాదని కోర్టు ఇచ్చే నిషేధపు ఉత్తర్వు. జీవితమంతా అవి ఇతరుల మీద రాసినవాణ్ణి. తెలివి జారిపోతున్న క్షణంలో తన మీద తానే ఇంజంక్షన్ వేసుకుని, తనే అమలు చేసుకున్న మనిషిని అప్పుడే చూశాను. నిజం చెప్పాలంటే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. జడ్జి కుర్చీలో అది కుదరదు. అబ్బురపడ్డామని తీర్పు ఇవ్వడమూ కుదరదు. అందుకని కౌన్సెలర్‌ను ఎల్లవ్వ ఇంటికి పంపి నివేదిక తెప్పించాను. తల్లీబిడ్డలు చెప్పినట్టే ఉంది.

తర్వాతి వాయిదాకు అత్తాకోడళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టాను.

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే బిడ్డా?" అంది లచ్చవ్వ.

"చెప్తె పిల్లను గుంజుకుంటరని భయమయింది అత్తమ్మా."

లచ్చవ్వ చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది. చివరికి నా వైపు తిరిగి, "ఎల్లవ్వ ఊళ్లె లేనినాడు పిల్ల నా ఇంటికి రావాలె. గట్ల రాయుండ్రి సార్" అంది. పిల్ల తల్లి దగ్గరే ఉండాలని, రజిత వైద్యం మానరాదని, ఆమెకు బాగోలేని రోజుల్లో పిల్ల ఎల్లవ్వ ఇంట్లో గానీ బాపమ్మ లచ్చవ్వ ఇంట్లో గానీ ఉండాలని ఉత్తర్వు ఇచ్చాను. మస్కట్ నుంచి తండ్రి అప్పీలుకు వెళ్లలేదు.

ఆ తర్వాత పిల్లల కస్టడీ కేసుల్లో జబ్బు పేరుతో విచారణ మొదలుపెట్టడం మానేశాను. మీకు చేతకాని పూట పిల్ల ఎక్కడికి పోతుంది అని తల్లినీ తండ్రినీ ముందు అడిగేవాణ్ణి. రిటైరయ్యేదాకా అడిగాను. ఏ జబ్బూ లేని తల్లిదండ్రుల్లో చాలామంది దానికి జవాబు చెప్పలేకపోయారు.