నాయనమ్మ పక్కన చోటు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, మా నాయనమ్మ పక్కన నా చోటును ఒక లంక పిల్ల లాగేసుకుంది. అప్పట్లో నేను అలాగే అనుకున్నాను.

మేముండేది అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో చాతం రేవుకి వెళ్ళే దారిలో. నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపలమ్మేది. మా పక్క గదిలో అద్దెకుండే తమిళ మామ హార్బర్‌లో పనిచేసేవాడు. శ్రీలంకలో యుద్ధం ముదిరాక ఆయన అక్క తన కూతురితో ఊరొదిలి, పడవలో రామేశ్వరం చేరి, మద్రాసులో ఓడెక్కి తమ్ముడి దగ్గరికి వచ్చింది. భర్త వెనక పడవలో వస్తానన్నాడట, రాలేదు. ఆమె హోటల్లో గిన్నెలు తోమడానికి వెళ్తే, నా ఈడుదే అయిన ఆ కూతురు పగలంతా మా ఇంట్లో ఉండేది.

మొదట్లో నాకు సరదాగానే ఉండేది. తర్వాత నాయనమ్మ నాకంటే ముందు దానికి జడ వెయ్యడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అది నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటే, నేను చాప చివర గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. నా ఆకుపచ్చ గౌను నాకు బిగుతైపోయిందని దానికిచ్చేశారు. నిజంగానే బిగుతైంది. అయినా అది వేసుకుని తిరుగుతుంటే నా ఒంటిమీంచి ఒలిచినట్టుండేది.

ఒకరోజు నాయనమ్మ వంజరం చేప పులుసులో నడిమి ముక్క దాని కంచంలో వేసింది. ఆ ముక్క ఎప్పుడూ నాది. నాయనమ్మ నీళ్ళకి లేవగానే, మా ఇద్దరికీ వచ్చిన కొద్దిపాటి హిందీలో, నీకిల్లు లేదా, పో అని అనేశాను.

"తుమ్ జావో! తుమ్హారా ఘర్ నహీ హై క్యా? జావో!"

ఆ పిల్ల ముక్క తీసి నా కంచంలో పెట్టేసింది. గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. నేను ఆ ముక్క తిన్నాను కూడా.

మర్నాడు పొద్దున్న నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసి నన్ను పిలిచింది.

"దానికున్నవన్నీ నీకూ కావాల? సరే, బరాబర్ ఇత్తాను. అన్నం ఉడికీలోపు సంచీ కట్టుకో. బస్, ఆ పిల్లకీ అంతే టైము దొరికింది."

షికారనుకున్నాను. రిబ్బన్లు, రంగు పెన్సిళ్ళు, పండగ గౌను కుక్కుకున్నాను. అమ్మ ఏదో అనబోయి, నాయనమ్మ మొహం చూసి చేపల గంప ఎత్తుకుంది. చాతంలో ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో దిగాం. అక్కడ నాయనమ్మకి తెలిసిన ఒక చాచీ ఇంట్లో నన్ను కూర్చోబెట్టి, నాయనమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అన్నాను.

"ఏటో. ఆ పిల్లకెవలైనా సెప్పారేటి, దాని అయ్య ఎప్పుడొత్తాడో?" అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

చాచీ మంచి మనిషి. మధ్యాహ్నం నాకు గుడ్డు మొత్తం పెట్టి, తన కూతురికి సగం పెట్టింది. చాచీ కూతురు నా కంచం వంకే చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. రోజూ లంక పిల్ల వంక నేను చూసేదే! ఇప్పుడిది నన్ను పొమ్మంటే ఎక్కడికి పోవాలి? ఫెర్రీకి చిల్లర లేదు, దారి తెలీదు. గుడ్డు తీసి దాని కంచంలో పెట్టేశాను. లంక పిల్ల కూడా మంచితనంతో కాదు, భయంతోనే ముక్క ఇచ్చేసిందని అప్పుడర్థమైంది.

సాయంత్రం నాయనమ్మ వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని లంక పిల్ల. అబద్ధమెందుకు, ఆ చేతులు చూడగానే నాకు మళ్ళీ మండింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

తిరుగు ఫెర్రీలో దాని పక్కనే కూర్చున్నాను. అది నా సంచీలోకి తొంగి చూసి, రంగు పెన్సిళ్ళు చూసి నవ్వింది. లంక నుంచి వచ్చేటప్పుడు నువ్వేం తెచ్చుకున్నావని అడిగాను.

"అప్పా షర్ట్స్," అంది. "అప్పా పీఛే ఆయేగా, బోలా థా."

వెనక వస్తానన్న నాన్న కోసం, తన గౌన్లు వదిలేసి ఆయన చొక్కాలు సర్దుకుంది. "మైనే గలత్ బోలా," అని తప్పొప్పుకున్నాను. అది తల ఊపి, ఇంజను వేడి తగిలే వైపుకి తను జరిగి, తగలని వైపు నాకు చోటిచ్చింది.

ఏడాది తిరక్కుండానే వాళ్ళు మద్రాసు వెళ్ళిపోయారు. ఆ తండ్రి ఎప్పటికైనా వచ్చాడో లేదో నాకు తెలియదు. వాళ్ళు వెళ్ళాక నాయనమ్మ పక్కన చోటంతా నాదే అయింది. కొన్నాళ్ళు నాయనమ్మ మధ్యాహ్నాలు పడుకోవడమే మానేసింది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. అసూయ నన్ను వదిలిపోయిందని చెప్పను. తోడికోడలి మీద, స్నేహితుల మీద, ఆఖరికి మనవరాలు నాకంటే ఎక్కువగా అతుక్కుపోయే వియ్యపురాలి మీద కూడా కుళ్ళుకున్నాను. లోపల ఎంత మండినా, మా గుమ్మంలో ఉన్న మనిషిని "పో" అనే మాట మాత్రం ఆ రోజు నుంచి నా నోట రాలేదు.