లూసియానాకు నేను చేసిన దిద్దుబాటు

అప్పట్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో కాకినాడ కాలేజీ బి.ఏ. హిస్టరీ పట్టా (ఫస్ట్ క్లాసే, అనుమానం వద్దు), దోహాలో అల్ ముంతజాలోని ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్ ఉద్యోగం. షాపుల బోర్డులు, పుట్టినరోజు బేనర్లు, బిర్యానీ హోటళ్ళ మెనూలు చేసేవాళ్ళం. వచ్చిన ప్రతి కాగితంలోనూ ఒక తప్పు పట్టుకుని దిద్దితే తప్ప నాకు అన్నం సహించేది కాదు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. మూడు నెలల ప్రొబేషన్‌లో రెండో నెల నడుస్తోంది.

ఆ నెలలోనే ఒక స్కూలు నుంచి అమెరికన్ టీచరమ్మ వచ్చింది. పిల్లల ఎగ్జిబిషన్ కోసం హాలు నేలంతా పరుచుకునేంత పెద్ద స్టిక్కర్ మ్యాపు కావాలి. రెండు వందల ఏళ్ళ కిందటి అమెరికా. పిల్లలు దాని మీద నడుస్తూ దేశం ఎలా పెరిగిందో, ఇంగ్లండుతో యుద్ధం ఎక్కడెక్కడ జరిగిందో చెబుతారట. చేత్తో గీసిన నమూనా ఇచ్చి, "ఉన్నది ఉన్నట్టు చెయ్యండి" అని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. నమూనా చూడగానే నాకు ఆవిడ మీద జాలి వేసింది. లూసియానా అని రాసి, దేశం నడిమధ్యన కింద నుంచి పైదాకా గోధుమరంగు పూసేసింది. ఫోన్‌లో చూస్తే లూసియానా అడుగున సముద్రం పక్కన, బూటు ఆకారంలో ఒక చిన్న రాష్ట్రం. ఇంకో వింత, సంధి 1814 డిసెంబరులో కుదిరిందని రాసి, న్యూ ఆర్లియన్స్ దగ్గర పెద్ద యుద్ధం 1815 జనవరిలో జరిగిందని రాసింది. రాజీ పడ్డాక యుద్ధమేమిటి? పాపం, తొందరలో రాసి ఉంటుంది. లూసియానాను అడుక్కి కుదించాను. యుద్ధాన్ని ఒక ఏడాది వెనక్కి జరిపాను. (మా డిగ్రీలో అమెరికా చరిత్ర ఉండేది. ఆ పాఠాలు నేను ఛాయిస్‌లో వదిలేశాను.)

శనివారం పొద్దున మ్యాపు అంటించడానికి నేనూ, మా ఫిట్టర్ జగిత్యాల అన్నా స్కూలుకు వెళ్ళాం. అన్న ఖతార్ వచ్చి అప్పటికే పాతికేళ్ళు. మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్క గాలిబుడగ మిగలకుండా స్టిక్కర్ నొక్కడంలో ఆయన్ను మించినవాడు లేడు. చివరి ముక్క అంటిస్తుండగా టీచరమ్మ వచ్చింది. మ్యాపు చుట్టూ ఒకసారి నడిచి, అడుగున ఆగింది.

"మిగతా లూసియానా ఏది?"

"సైజు సరిచేశాను మేడమ్" అన్నాను, మెప్పు కోసం చూస్తూ. "యుద్ధం తేదీ కూడా."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. నేల మీద కూర్చుని నిదానంగా చెప్పింది. ఆనాటి లూసియానా అంటే ఇప్పటి రాష్ట్రం కాదు, మిసిసిపీ నది నుంచి పడమటి కొండలదాకా ఉన్న నేలంతా. అమెరికావాళ్ళు ఒక్క రేవు పట్నం బేరమాడదామని వెళితే, ఇంగ్లండుతో యుద్ధానికి సిద్ధపడుతున్న ఫ్రాన్సు మొత్తం అమ్మేసింది. ఇక సంధి కుదిరింది యూరప్‌లో. ఆ కబురు ఓడెక్కి సముద్రం దాటేలోపే అమెరికాలో యుద్ధం జరిగిపోయింది. "రేపు పొద్దున తల్లిదండ్రులు వస్తారు" అంటూ ముగించింది. నా కళ్ళకు హైదరాబాదు టికెట్ కనిపించింది, రానూపోనూ కాదు, పోను మాత్రమే.

"ఏమంటున్నది తమ్మీ?" అన్నాడు అన్న. నా ఘనకార్యాన్ని వీలైనంత తగ్గించి, మిగతాదంతా చెప్పాను. అన్న పకపకా నవ్వాడు.

"అండ్ల వింతేమున్నది? నేను కొత్తగ వచ్చినప్పుడు మా తమ్మునితోని పొలం గట్టు లొల్లి ఉండె. ఊళ్ళె పెద్దమనుషులు కూసొని పంచాయితి తెంపిండ్రు. ఆ కబురుతోని ఉత్తరం నాకు అందకముందే లేబర్ క్యాంపుల కూసొని, తిట్టుకుంట నాలుగు పేజీల ఉత్తరం రాసి పంపిన. రెండు ఉత్తరాలు మొగులు మీద ఇమానాలల్ల ఎదురుపడి ఉంటయ్." తర్వాత మ్యాపుకేసి చూశాడు. "సరే, అమ్మినోడున్నడు, కొన్నోడున్నడు. మరి అండ్ల బతికేటోళ్ళను అడిగిండ్రా?"

టీచరమ్మకు ఇంగ్లీషులో చెప్పాను. ఉత్తరం కథకు నవ్విన మనిషి రెండో మాటకు నవ్వు ఆపేసింది. "లేదు, వాళ్ళనెవరూ అడగలేదు" అంది. నేల మీంచి లేచి, "రేపు ఈ రెండు మాటలూ మా పిల్లలకు చెబుతారా?" అని అడిగింది. అడిగింది నన్ను కాదు.

"యల్లా తమ్మీ, నమూనా పట్టుకో" అని అన్న లేచాడు. వ్యాన్‌లో ఏదో కాఫీ షాపు బోర్డుకు వాడగా మిగిలిన గోధుమరంగు రోల్ ఉంది. నేను నమూనా పట్టుకుని పాకుతుంటే, ఆయన స్కేలైనా లేకుండా నదీ కొండలూ కోసి, నేను ఎగరగొట్టిన నేలనంతా తిరిగి అంటించాడు. నల్ల స్టిక్కర్‌తో ఒక ఐదు అంకె కోసి నాలుగు మీద పెట్టాడు. అది పక్క అంకెల కంటే కాస్త లావుగా వచ్చింది, అంతే. సాయంత్రం అసర్ నమాజు వేళకు అమెరికా మళ్ళీ నిండుగా అయింది.

ఆదివారం అన్న ఇస్త్రీ చొక్కాతో మ్యాపు మధ్యలో నిలబడి తెలుగులో చెబుతుంటే, హిస్టరీ పట్టాదారుణ్ణి నేను పక్కన నిలబడి ఇంగ్లీషు చేశాను. ఒక పాప చెయ్యెత్తి, "మీ తమ్ముడికి కోపం వచ్చిందా?" అని అడిగింది. "లేదు బిడ్డా, తిట్లు మస్తున్నయని అమ్మకు సుత చదివి వినిపించిండట" అన్నాడు అన్న. హాలంతా ఒకటే నవ్వు. రెండో మాటకు మాత్రం పిల్లలూ పెద్దలూ కాళ్ళ కింది గోధుమరంగు వైపు చూస్తూ ఉండిపోయారు. కొందరు మెల్లగా పక్కకు జరిగారు కూడా.

సంగతంతా విన్న మా మలయాళీ బాస్ నన్ను పంపించెయ్యలేదు. "తుమ్హారా ప్రొబేషన్, ఔర్ తీన్ మహీనా" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు అదే షాపులో డిజైన్ విభాగమంతా నా చేతి కింద ఉంది. మూడుసార్లు సరిచూసి, కస్టమర్ సంతకం పెడితే గానీ ఏదీ ప్రింటుకు వెళ్ళదు. పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. అయినా అప్పుడప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఎవరినీ అడక్కుండా ఒక దేశాన్ని కత్తిరించి, శభాష్ అంటారని చేతులు కట్టుకుని నిలబడ్డవాడు. అంత ధీమా ఇప్పుడు నాకు నా సొంత పుట్టినరోజు మీద కూడా లేదు.