తాంబూలం మినహాయింపు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్ మొదటి సోమవారం నన్ను పోలీస్ బ్యాండులో సైడ్ డ్రమ్ శిక్షకుడిగా వేశారు. హోదా హెడ్ కానిస్టేబులే. నా కింద ఆరుగురు కానిస్టేబుళ్లు. ఆగస్టు పదిహేను పరేడ్ నాటికి వాళ్ల రెండు చేతులూ సమం చేయాలన్నది నా పని.

సైడ్ డ్రమ్ అంటే నడుం పక్కన వేలాడే చిన్న డ్రమ్ము. కుడి పుల్లను పైనుంచి పట్టుకుంటాం. ఎడమ పుల్లను అరచెయ్యి పైకి తిప్పి బొటనవేలి సందులో పెడతాం. బిగించి పట్టుకుంటే పుల్ల ఎగరదు. దెబ్బ పడగానే దాన్ని ఎగరనిచ్చి, వేళ్లతో మళ్లీ అందుకోవాలి. కుడి రెండు, ఎడమ రెండు, నిదానంగా గంటసేపు. పరీక్షకు వరస మార్చి ఇష్టమొచ్చినట్టు కొట్టమని, నేను గోడవైపు తిరిగి వింటాను. ఏ దెబ్బ ఏ చేతిదో నేను కనిపెట్టేస్తే వాడు తప్పినట్టు.

ఆ ఆరుగురిలో సుధాకర్ రోజూ తప్పేవాడు. ఎడమ చెయ్యి అద్దెకు తెచ్చుకున్నట్టు ఉండేది. నాకు చిర్రెత్తి శిక్షణ పుస్తకంలో ఉత్తర్వు రాశాను: భోజనం, సెల్యూట్ మినహా నాలుగు వారాలు అన్ని పనులూ ఎడమ చేత్తో చేయవలెను. చదివి సంతకం పెట్టాడు. ఆ చేత్తోనే గడ్డం గీసుకుని రెండు రోజులు చెంపకు ప్లాస్టరుతో తిరిగాడు. నాకు ముచ్చటేసింది.

మూడో వారం విడవలూరులో అతని పెళ్లి ఖాయం చేసుకునే తాంబూలాలు. కాబోయే మామగారికి ఆకూవక్కా ఎడమ చేత్తో అందించాడు. ఆ మామ వెంకటరమణయ్య గారు వరి రైతు, మాట పట్టింపు మనిషి. ఆకు ముట్టకుండా లేచి, పిల్లనివ్వనన్నారట. మర్నాడు సుధాకర్ నా ముందు ఏడ్చినంత పని చేశాడు. ఆ అమ్మాయి తప్ప ఇంకో సంబంధం వద్దన్నాడు. కుడి చేత్తో ఇవ్వచ్చు కదరా అంటే, మినహాయింపుల్లో తాంబూలం లేదన్నాడు. నాకు సిగ్గేసింది.

వెంటనే పుస్తకం, పుల్లలు తీసుకుని అతనితో విడవలూరు వెళ్లాను. వెంకటరమణయ్య గారు ఉత్తర్వు రెండుసార్లు చదివారు.

"కాయితం మీద ఏమైనా రాసుకోవచ్చు సార్. నా అరుగు మీద నలుగురూ చూసినారు, ఎడమ చేత్తో ఇచ్చినాడు" అన్నారు.

మా పరీక్షలో నెగ్గిన చేతికి కుడి ఎడమల తేడా ఉండదన్నాను. సుధాకర్ ఒక్కసారీ నెగ్గలేదన్న సంగతి చెప్పలేదు.

అయితే ఆ పరీక్షేదో తానే పెడతానని ఆయన పీట వేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. డ్రమ్ము తేలేదు కాబట్టి వడ్ల బస్తా దించారు. బస్తా మీద పుల్ల ఎగరదు, భారమంతా మణికట్టు మీదే. వీధిలోవాళ్లు చేరారు. పెళ్లికూతురు గుమ్మంలో నిలబడింది. సుధాకర్ మొదలుపెట్టాడు. ఆయన ఒక్కో దెబ్బకు కుడి, ఎడమ అని చెబుతూ పోయారు. మొదటి నాలుగూ సరిగ్గా చెప్పారు. ఐదో దెబ్బ దగ్గర ఆగారు, ఆరోది తప్పారు, ఆపైన తడుముకోవడమే; మూడు వారాల ఎడమ చేతి పని సుధాకర్ మణికట్టుకు పట్టినట్టుంది. పదహారోది ముమ్మాటికీ కుడేనన్నారు.

"అది ఎడమ, నాయనా" అంది గుమ్మంలోంచి అమ్మాయి.

ఆయన పీట మీద ఇటు తిరిగారు. "నాకే తెలీనప్పుడు, ఎడమ చేత్తో ఇచ్చినాడని నేనెట్టా అంటా" అని ఆకూవక్కా మళ్లీ తెమ్మన్నారు.

ఈసారి కుడి చేత్తో ఇవ్వమని సుధాకర్‌కి చెప్పాను. కదల్లేదు. రాసివ్వమన్నట్టు పుస్తకం వైపు చూశాడు. ఆ అరుగు మీదే కూర్చుని, మినహాయింపుల్లో తాంబూలం చేర్చి, తేదీ వేసి సంతకం పెట్టాను. అప్పుడిచ్చాడు.

ఆ తర్వాత ఏ ఉత్తర్వులోనూ 'అన్ని' అన్న మాట రాయలేదు. పరీక్షకు గోడవైపు తిరిగి కూర్చోవడం కూడా మానేశాను. ఎవరి ముందు ఓడిపోతే ఆ కుర్రాడికి నష్టమో, వాళ్లనే పిలిపించి కూర్చోబెట్టేవాణ్ణి.