తలుపులతో దించిన విమానం

పైలట్లకి శిక్షణ ఇచ్చే ఆ చిన్న మైదానంలో మెకానిక్కుని అందరూ పెద్దాయన అనేవారు. విమానం బాగుచేసినవాడే దాని మొదటి చక్కర్లో కూర్చోవాలన్నది అక్కడి ఆనవాయితీ. ఇరవై ఆరేళ్లుగా కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి కూర్చుంటూనే ఉన్నాడు. ఎగరడమంటే అంత సరదా మరి.

ఆ పూట నడుపుతున్నది చెల్లెలి కొడుకు. ఊరు దాటగానే వాడి చేతిలో చక్రం అటూ ఇటూ తిరగకుండా బిగుసుకుపోయింది. కాలి పెడళ్లూ కదల్లేదు. విమానం ముక్కు పైకీ కిందికీ వెళుతోంది గానీ పక్కకి మళ్లదు. ఎదురుగా కొండ. కాళ్ల కింద భూమి కదిలినట్టయింది అందామంటే, అక్కడ భూమి ఉంటేగా.

పెద్దాయన జేబు తడుముకున్నాడు. టార్చి లేదు. పొద్దున విమానం అడుగు పలక తీసి, చక్రాన్నీ పెడళ్లనీ రెక్కలకీ తోకకీ కలిపే తీగలు సరిచేస్తూ, వెలుగు చాలక లోపల పెట్టాడు. దాన్ని తియ్యకుండానే పలక బిగించేశాడు.

మేనల్లుడు చెమటలు కక్కుతూ చక్రాన్ని గుంజుతున్నాడు. ఇంకా గుంజితే తీగ తెగుతుంది. చెబితే ఈ వయసులో పరువు పోతుంది, చెప్పకపోతే పిల్లాడే పోతాడు.

"వదిలెయ్ రా. అది రాదు. కింద నా టార్చి ఇరుక్కుంది."

వాడు చూసిన చూపుని పెద్దాయన ఆ తర్వాత ఎన్నడూ మరిచిపోలేదు.

"మరెలా మామయ్యా?"

"తలుపులున్నాయిగా. ఏ పక్క తలుపు తెరిస్తే ఆ పక్క గాలి పట్టి లాగుతుంది. ముక్కు అటే మళ్లుతుంది."

భుజం ఆనించి తన తలుపు నెట్టాడు. గాలి వెనక్కి తోసింది. బెత్తెడు తెరవడానికే ప్రాణం తోకకొచ్చింది. ముక్కు కదల్లేదు. నన్ను తీసుకుపో, వాణ్ణి వదిలెయ్ అని ఎవర్ని వేడుకున్నాడో తనకే తెలీదు. మళ్లీ నెట్టాడు. కొండ మెల్లగా ఎడమకి జరిగింది. మరీ వాలిపోతుంటే మేనల్లుడు తన వైపు తలుపు కాస్త తెరిచి సరిచేశాడు. అలా ఒకరి తర్వాత ఒకరు నెట్టుకుంటూ మైదానానికి తిప్పుకొచ్చారు. విమానం గడ్డిలో ఎగిరెగిరి పడి ఆగింది.

జనం పరిగెత్తుకొచ్చారు.

"తీగ పట్టేసింది. మామయ్యే కాపాడాడు," అన్నాడు మేనల్లుడు, ఎటో చూస్తూ.

మేనమామ పరువు కోసం ఆడిన అబద్ధం. తను ఊరుకుంటే రేపు ఇంకో విమానం ఈ చేతుల్లోకే వస్తుంది, అందులో ఎవరి బిడ్డో ఎక్కుతాడు. పెద్దాయన విమానాలు బాగుచేసే షెడ్డు తాళంచెవులు జేబులోంచి తీసి వాడి చేతిలో పెట్టాడు.

"టార్చి మరిచిపోయింది నేనే. రెండేళ్లుగా చూపు ఆనట్లేదు రా," అన్నాడు అందరికీ వినబడేలా. "నేను బిగించినవాటిలో ఇంకెవర్నీ ఎక్కనివ్వకు."