గోల్‌కీపర్ అక్క

క్లబ్బు ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టులో ముప్పై దాటిన గోల్‌కీపర్‌ని అందరూ అక్కా అనే పిలుస్తారు. వేళ్లకు చుట్టుకునే టేపును పళ్లతోనే తెంపుతుంది. బంతి పట్టినా, వదిలినా తనను తానే తిట్టుకుంటుంది. ఆమెకు ఆట నేర్పినవాళ్లు లేరు. మగవాళ్ల సాధనను కంచె అవతల నిలబడి చూసి నేర్చుకుంది. ఈ ఏడాది క్లబ్బు ఆడవాళ్ల జట్టు మీద ధారాళంగా ఖర్చుపెట్టి, గోల్‌కీపర్ల కోసమే ఒక కోచమ్మను తెచ్చింది. మొదటిరోజే, అక్క బంతి కోసం దూకి పడగానే ఆవిడ ఆట ఆపించి, "అలా మోచేతి మీద పడితే భుజం ఏమైపోవాలమ్మా?" అంది. అక్క కోపం ఎరిగిన ఆడపిల్లలు రెండడుగులు వెనక్కి వేశారు. అక్క మాత్రం గడ్డిమీదే కూర్చుండిపోయి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇన్నేళ్లలో నేనెలా పడుతున్నానో చూసినవాళ్లే లేరు మేడం. మళ్లీ పడతాను, ఇంకా ఏం తప్పులున్నాయో చెప్పండి," అంటూ లేచింది.