మూడో అంతస్తులో మఠం

మొన్న ఆదివారం పూజ అయ్యాక చర్చి పక్క హాల్లో ఒక పెద్దావిడ తేనెమైనపు కొవ్వొత్తులు అమ్ముతుంటే ఒకటి తీసుకుని వాసన చూశాను. కాస్త తేనె, కాస్త పొగ, కాస్త బీరువాలో మడతపెట్టిన పాత చీర కలిసినట్టుండే ఆ వాసన ముక్కుదాకా వచ్చిందో లేదో, ఈస్ట్ హామ్‌లో మిఠాయి కొట్టు మీద, మూడో అంతస్తులో, కిటికీ సందుల్లో పాత మేజోళ్ళు కుక్కి చలిని ఆపుకున్న మా ఫ్లాట్ మొత్తం మెట్లు దిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఒక్క లవంగం వాసనే తక్కువైంది.

మమ్మల్నిద్దర్నీ అమ్మ బడికి పంపలేదు. గుంటూరులో సిస్టర్ల స్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి, నాన్నకు కేర్ హోమ్‌లో నర్సు ఉద్యోగం వచ్చాక లండన్ చేరి, ఇక్కడ తనకు ఏ స్కూలూ దొరక్కపోవడంతో ఇంట్లోనే ఒకటి పెట్టేసుకుంది. వంటగదిలో బల్ల, రెండు స్టూళ్ళు, ఇద్దరు విద్యార్థినులు. ఆ ఇద్దరిలో ఎప్పుడూ ముక్కు కారుతూ, ఎక్కాలు మరిచిపోతూ ఉండేది నేను. నా కన్నా మూడేళ్ళు చిన్నదైన చెల్లి జెసింత మాత్రం అన్నీ రూలు ప్రకారం చేసేది. ఇంట్లో నాన్నది డ్యూటీల రోటా, అమ్మది రోలు. మొదటిది వారం వారం మారేది. గుంటూరు నుంచి సామాన్లలో మోసుకొచ్చిన రెండోది ఉన్నచోటు నుంచి కదిలేది కాదు.

శనివారాల్లో చర్చి హాల్లో, మాలాగే పిల్లల్ని ఇంట్లో చదివించుకునే నాలుగైదు కాథలిక్ కుటుంబాలు కలిసేవి. అక్కడే అమ్మ యూనిట్ పద్ధతి నేర్చుకుంది. చరిత్రలో ఒక కాలాన్ని పట్టుకుంటే కొన్ని వారాలపాటు లెక్కలు, బొమ్మలు, వంట, ప్రార్థన, ఆఖరికి ఆటలు కూడా అందులోంచే పుట్టాలి. రోమన్ల యూనిట్ నడిచినన్నాళ్ళూ మేం దుప్పట్లు భుజాన చుట్టుకుని, వాళ్ళ అంకెలతో కూడికలు చేసి, సోఫా మీద పక్కకు ఒరిగి ఇడ్లీలు తిన్నాం. కారిడార్ గోడ పొడవునా వాల్‌పేపర్ చుట్టను తిరగేసి అంటించి, దాని మీద అమ్మ శతాబ్దాలు గీసింది. యూనిట్ చివరి రోజున ఆ కాలపు విందు వండుకుని తిని, మేం వేసిన బొమ్మను బియ్యప్పిండి జిగురుతో గోడ మీద దాని చోట అతికిస్తేనే ఆ కాలం గడిచిపోయినట్టు. ఒక్క శతాబ్దాన్ని కూడా అమ్మ దాటనిచ్చేది కాదు.

అలాంటిది, ఆ చలికాలం రోమన్లు వెళ్ళిపోగానే అమ్మ ఏకంగా కొన్ని వందల ఏళ్ళు గెంతేసి మధ్యయుగాల క్రైస్తవ సన్యాసుల మఠాల దగ్గర దిగింది.

“మమ్, యూ మిస్డ్ ఎ బిట్!” అని జెసింత గోడ మీది ఖాళీని వేలితో చూపించింది.

“తర్వాత పూడుద్దాంలేవే” అంది అమ్మ బొంగురు గొంతుతో. అప్పటికే కొన్ని వారాలుగా ఆ గొంతు అలాగే ఉంది. లండన్ తేమ పడలేదని, మిరియాల పాలు తాగితే తగ్గుతుందని మాకు చెప్పేవారు. అప్పుడప్పుడూ మమ్మల్ని ఎదురు ఫ్లాట్ ఆంటీ దగ్గర వదిలి, నాన్న అమ్మను హాస్పిటల్‌కి తీసుకెళ్ళేవాడు. మఠం వేసుకుని కూర్చోవడం తప్ప మఠమంటే ఏమీ తెలియని నాకు, ఆంటీ ఇంట్లో టీవీ ఉన్నందువల్ల, ఈ హాస్పిటల్ ప్రయాణాలు బాగానే ఉండేవి.

మా మఠంలో గోధుమ రొట్టె, పప్పు లేని పప్పుచారు లాంటి కూరగాయల జావ, పావురం ఈకతో రాత. కిటికీ గట్టు మీద పెరుగు డబ్బాల్లో పుదీనా, కొత్తిమీర, మొలవనని మొండికేసిన గోంగూర. వీటన్నిటికీ మించి మౌనం. పొద్దున్నే అమ్మ తేనెమైనపు కొవ్వొత్తికి జానెడు ఎత్తున లవంగం గుచ్చి వెలిగించేది. మైనం కరిగి, లవంగం టక్కున పళ్ళెంలో రాలేదాకా ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. అప్పటి మఠవాసులు భోజనాల దగ్గర సైగలతోనే పని గడుపుకునేవారని చెప్పి, మాక్కూడా నేర్పింది. అరచేతిలో వేలితో చిలికితే పెరుగు. నాలుక బయటపెట్టి చేత్తో విసురుకుంటే ఆవకాయ. కళ్ళ మీద రెండు వేళ్ళు పెడితే, నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడని. నుదుటికి రెండు వేళ్ళు ఆనిస్తే మఠాధిపతి, అంటే అమ్మ. నాన్న మాత్రం ఉప్పు అడగబోయి ప్రతిసారీ మఠాధిపతి సైగ చేసేవాడు. మఠాధిపతి లేచి వెళ్ళి ఉప్పు తెచ్చేది.

తిండి సైగలు అయ్యాక నొప్పి, భయం, నీళ్ళు, చాలు, దగ్గరికి రా అనే సైగలు వచ్చాయి. “పెరుక్కి సైగ ఉంటే చాలదా, భయానికి కూడా ఎందుకమ్మా?” అన్నాను నేను.

“మఠంలో ఉన్నోళ్ళకి మాత్రం భయం వెయ్యదా ఏంటి?” అంది అమ్మ. “చేసి చూపించు. ఊఁ, చెయ్యి గుండెల మీదికి తే.”

మిగతా కుటుంబాల పిల్లలు యుద్ధాలకీ కోటలకీ వెళ్ళిపోయినా మా మఠం కదల్లేదు. లవంగాన్ని అమ్మ రోజురోజుకీ ఇంకాస్త కింద గుచ్చేది, మౌనం పొడుగయ్యేది. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాటికి కొవ్వొత్తి దాదాపు అడుగంటేదాకా మేం సైగలతోనే కాలం గడుపుతూ, సైగలతోనే పోట్లాడుకుంటూ, సైగలతోనే చాడీలు చెప్పుకుంటున్నాం.

తపస్సుకాలంలోనే ఒక పొద్దున, గొంతుకు చిన్న ఆపరేషన్ అని చెప్పి నాన్న సంచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆంటీ మాకోసం వచ్చి కుర్చీలో కూర్చుంది. కొవ్వొత్తి వెలుగుతోంది, లవంగం ఇంకా రాలలేదు. అమ్మ కోటు వేసుకుని మా ముందు వంగింది.

“ఇవాళ్టికి కొవ్వొత్తి ఆర్పేసి ఆడుకోండమ్మా. నేనొక మాట…”

మా మఠంలో అందరికన్నా నిష్ఠ గల సన్యాసిని జెసింత. పెదాల మీద వేలు పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, రెండో చేత్తో లవంగాన్ని చూపించింది. ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ చప్పుడు లేకుండా నవ్వింది. తప్పయిందన్నట్టు రెండు చేతులూ జోడించి, ఆ తర్వాత ‘దగ్గరికి రా’ అని సైగ చేసింది. వెళ్ళాం. ఉన్ని కోటు గరుకు, మెడ దగ్గర విక్స్ వాసన. అంతే, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

అమ్మ గొంతులోంచి మాట పుట్టే చోటునే డాక్టర్లు తీసేశారు. అలా తీసేస్తారని నాన్నకూ అమ్మకూ ముందే తెలుసు. ఇంటికొచ్చిన రోజు, మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని అమ్మ బల్ల ముందు కూర్చుని, మావైపు ఒకసారి చూసి, అరచేతిలో వేలితో చిలికింది. జెసింత పరుగున వెళ్ళి పెరుగు తెచ్చింది. ఆ పూట ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. గోడ మీద అన్ని వందల ఏళ్ళను అమ్మ ఎందుకు గెంతిందో నాకు అర్థమవడానికి మాత్రం ఇంకొన్నేళ్ళు పట్టింది. మందబుద్ధికి మఠంలోనూ మందు లేదు.

అలా చేతులతోనే అమ్మ మాకు దాదాపు రెండేళ్ళు చదువు చెప్పింది. మఠం యూనిట్‌కు విందు జరగలేదు, బొమ్మ అతికించలేదు, ఖాళీ పూడ్చలేదు. అమ్మ పోయాక మమ్మల్ని దగ్గర్లోని బడిలో వేశారు. మా ఇంట్లో అన్నాళ్ళు సాగిన మఠాన్ని అక్కడి టీచరు ఒక్క పీరియడ్‌లో ముగించి, హోంవర్క్ కూడా ఇచ్చింది.

ఇప్పుడా మిఠాయి కొట్టు ఫోన్లు బాగుచేసే దుకాణమైంది. పై ఫ్లాట్‌కు ఇంటివాళ్ళు తెల్లరంగు వేయించినప్పుడే వాల్‌పేపరూ, దాని మీది శతాబ్దాలూ చెత్త సంచుల్లోకి వెళ్ళాయి. నాన్నకు సైగలు సగం గుర్తున్నాయి. ఉప్పు దగ్గర ఇప్పటికీ తడబడతాడు, కానీ ఇప్పుడు నవ్వం.

ఆదివారం సాయంత్రం గ్లాస్గో నుంచి జెసింత వీడియో కాల్ చేస్తే కొవ్వొత్తి చూపించాను. “అక్కా, మమ్ వాయిస్ నీకు గుర్తుందా? నాకు రావట్లేదు, అస్సలు రావట్లేదు. లాస్ట్‌గా ఏమంది మనతో?” అంది.

“కొవ్వొత్తి ఆర్పేసి ఆడుకోమంది.”

“అంతేనా?”

“అంతే.”

“టిపికల్ మమ్” అని నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

ఫోన్ పెట్టేశాక డబ్బాలోంచి ఒక లవంగం తీసి, జానెడు ఎత్తున మైనంలో గుచ్చి, వెలిగించాను. అది రాలేదాకా మాట్లాడలేదు. ఇంట్లో ఎవరూ లేరు కనుక అదేం పెద్ద కష్టం కాలేదు.