గ్యాలరీలో దండం

వెలుతురుతో శిల్పాలు చేశారంటే చూద్దామని, మేముండే హాబ్సన్‌విల్ శివారు నుంచి మా అత్తమ్మను తీసుకుని సిటీలో ఒక గ్యాలరీకి వెళ్లాను. చీకటి గదిలో సన్నగా పొగ వదిలి ఉంచారు. నల్లబట్టల గైడ్ ఒకాయన ఆ చీకట్లోనే మమ్మల్ని నిలబెట్టి, వెలుతురు కూడా రాయిలాంటి పదార్థమేనని, దాని ముందు నిలబడటం ఎలాగో మనుషులు మరిచిపోయారని చెప్పుకుపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు చర్చిలో లాగా తలలూపారు. కరెంటు కోతల్లో పెరిగినదాన్ని, వెలుతురు విలువ ఈయన నాకు చెప్పాలా అని ఒళ్లు మండింది.

చివరికి పైనుంచి దానంతటదే లైటు పడి, పొగలో తెల్లగా స్తంభంలా నిలిచింది. బాగుంది, కాదనను. అత్తమ్మ వెంటనే చేతులు జోడించి కళ్లకద్దుకుంది. సాయంత్రం పూట మా వంటింట్లో లైటు వేసినా ఆమె చేసే పనే అది.

గైడ్ పొంగిపోయాడు. కళ మనిషిని ఎలా కదిలిస్తుందో చూడండని అందరికీ ఆమెను చూపించాడు. ఫోన్ తీసి, వీడియో కోసం ఇంకోసారి అలా చేయమన్నాడు. ఆ మాట అత్తమ్మకు తెలుగులో చెప్పాను.

"లైటు బంద్ చేసి మళ్ల ఎయ్యమను. ఎలుగుతున్నదానికి ఇప్పుడు దండమేంది?" అంది.

అదే ఇంగ్లీషులో ఆయనకు చెప్పాను. అందరూ చూస్తుండగా ఆయన వెళ్లి ఒక గోడ తడిమాడు, తర్వాత ఇంకో గోడ తడిమాడు. వెలుతురు గురించి అంతసేపు మాకు పాఠం చెప్పిన మనిషికి దాని స్విచ్ ఎక్కడుందో తెలియదు.